ఔరంగాబాదు నీటితిరుగలి: పన్‌చక్కీ చరిత్ర

ధాన్యమును పిండిచేయుట మానవుని నిత్యకృత్యములలో మిక్కిలి ప్రాచీనమైనది. తెలుగునాట ఈ పని తరతరములుగ స్త్రీల చేతిలోనే యుండెను. కోడికూతకు ముందే లేచి, తిరుగలి ముందు కాలు చాపి కూర్చుండి, ఒకచేత పిడి త్రిప్పుచు వేరొకచేత గింజలు పోయుచు, పాటతో శ్రమను మఱచిన తల్లులు మన పల్లెలలో ప్రతి యింటను ఉండెడివారు. చెఱువులు త్రవ్వి, కాలువలు తీసి, ఏతాములెత్తి, మోటలు తోలి నీటిని లొంగదీసికొన్న మన పూర్వులు ఆ నీటిచేతనే తిరుగలిని త్రిప్పించు పనికి విరివిగ పూనుకొనలేదు.

దీనికి కారణములు లేకపోలేదు. వరి పండు సీమలలో ధాన్యమును దంచుట ముఖ్యము గాని విసరుట ముఖ్యము కాదు. అచ్చట రోకలికే పెద్దపీట. జొన్న పండు మెట్టసీమలలో విసరుట తప్పదు. కాని ఆ సీమలలోని వాగులు వానకాలమున పొంగి వేసవిలో ఎండునట్టివి. చెఱువున నిలిచిన నీరు పొలమునకు చాలుటయే గగనము. ఏడాది పొడవున ఒకే వేగముతో పాఱు నీరున్నగాని నీటితిరుగలి సాగదు. అందుచేత దక్కను పీఠభూమిలో నీటితిరుగలి యనునది అరుదైన వస్తువు. అట్టి అరుదైన దానికి ప్రసిద్ధమైన నిదర్శనము మహారాష్ట్రములోని ఔరంగాబాదు నగరమున కలదు. 2023లో ఆ నగరమునకు ఛత్రపతి శంభాజీనగర్ అను పేరు అధికారికముగ ఏర్పడినది. చరిత్రను చెప్పునపుడు ఆయా కాలములనాటి పేర్లనే వాడుట సమంజసము గనుక ఈ వ్యాసమున ఔరంగాబాదు అనియే వ్రాయుచున్నాను.

ఈ నీటితిరుగలిని అచ్చటివారు పన్‌చక్కీ యందురు. పానీ యనగా నీరు. చక్కీ యనగా తిరుగలి. చక్కీ శబ్దము చక్రశబ్ద పరివారములోనిది. మన తిరుగలి శబ్దము తిరుగు ధాతువునుండి పుట్టినది. రెండు భాషలును రాతిని చూడక దాని తిరుగుడును చూచియే పేరు పెట్టినవి. పారసీకమున దీనికి ఆసియాబ్ అని పేరు. హిమాలయ పార్శ్వములలో ఇట్టిదానిని ఘరాట్ అందురు. మధ్యాసియా మొదలు హిమాలయముల వఱకు కొండవాగులున్న ప్రతిచోటను ఈ యంత్రము పూర్వమునుండి కలదు. అది దక్కనుకు వచ్చి నిలిచిన విధమే మనకిచ్చట విచారణీయము.

నగరము - నీరు

ఔరంగాబాదునకు పూర్వనామము ఖడ్కీ. అహమ్మదునగరు రాజ్యమునకు మంత్రియై, ఇథియోపియా దేశమునుండి బానిసగ వచ్చి దక్కనులో మహాసేనానియైన మలిక్ అంబరు 1610లో ఈ చోట నగరమును నిర్మింప పూనుకొనెను. ఇచ్చట కొండలు కలవు; వాని నడుమ విశాలమైన మైదానము కలదు. పెద్ద నదిమాత్రము లేదు. ఖామ్ అను చిన్నయేఱు సంవత్సరములో కొంతకాలము మాత్రమే ధారాళముగ పాఱును. గోదావరి పైఠణమువద్ద, అనగా శాతవాహనుల ప్రతిష్ఠానమువద్ద, దక్షిణముగ దూరమున నున్నది. నగరము బ్రతుకవలెనన్న నీటిని తేవలెను. ఉత్తరపు కొండల పాదములయందు భూమిలో ఊరు జలమును సొరంగములలో చేర్చి, వాలుననుసరించి నగరములోనికి నడిపించిన నహరును మలిక్ అంబరు కట్టించెను. అది నేటికిని నహరె అంబరీ యను పేర ఆయన కీర్తిని నిలుపుచున్నది.

మలిక్ అంబరు 1626లో మరణించెను. 1653లో రెండవసారి దక్కను సుబేదారుగ వచ్చిన ఔరంగజేబు ఈ నగరమును తన స్థానముగ చేసికొని తన పేరు పెట్టెను. మొగలు సేనలు, ఉద్యోగులు, వర్తకులు, చేతిపనివారు, ఫకీరులు వచ్చి చేరిరి. నగరము పెరిగినకొలది కొత్త నహరులు పుట్టినవి. పన్‌చక్కీకి నీరు తెచ్చు నహరు అట్టి తరువాతి నహరులలో ఒకటి. పన్‌చక్కీని మలిక్ అంబరే కట్టించెనని కొందఱు చెప్పు మాట ఈ రెండు నహరులను ఒకటిగ భావించుటచే కలిగిన పొరపాటు. విద్య ఆయన నాటిది; కట్టడము ఆయన తరువాతి తరములది.

తకియా - దాని యాశ్రితులు

ఖామ్ నది యొడ్డున, మహమూద్ దర్వాజా ప్రక్కన, బేగంపురా సమీపమున పన్‌చక్కీ యున్నది. నిజమునకిది బాబా షా ముసాఫిర్ అను సూఫీ గురువు సమాధిస్థానము. మసీదు, మదరసా, బాటసారుల సరాయి, కచేరి, కొలను, ఫౌంటెనులు, గొప్ప మఱ్ఱిచెట్టు కలసిన ప్రాంగణములో తిరుగలి యొక మూలనున్న చిన్నగది మాత్రమే. అయినను స్థలమంతటికి ఆ చిన్నగది పేరే స్థిరపడినది.

బాబా షా ముసాఫిర్ బుఖారా ప్రాంతమునుండి వచ్చిన నఖ్ష్‌బందీ సంప్రదాయస్థుడు. ఆయన గురువు బాబా పలంగ్‌పోష్. చిఱుతపులి తోలు ధరించినవాడని ఆ పేరునకర్థము. పలంగ్‌పోష్ సేనలతో సంచరించు గురువు; ఘాజీయుద్దీన్ ఖాన్ ఫిరోజ్‌జంగు సైన్యముతో దక్కనులో తిరిగెను. ముసాఫిర్ అనగా బాటసారి. కాని ఆ పేరు గలవాడే ఔరంగాబాదులో స్థిరముగ నిలిచి తకియాను, అనగా ఫకీరుల మఠమును, నడపెను. గురువు 1699లోను శిష్యుడు 1715 ప్రాంతమునను కాలధర్మము నొందిరి. ముసాఫిర్ తరువాత షా మహమూద్ పీఠమునకు వచ్చి తన గురువుల వృత్తాంతమును పారసీకమున సంకలనము చేసెను. మల్ఫూజాతె నఖ్ష్‌బందియా యను ఆ గ్రంథమును సైమన్ డిగ్బీ పండితుడు ఆంగ్లమునకు అనువదింపగా 2001లో వెలువడినది. రాజుల యుద్ధములు తప్ప తక్కినవి కానరాని కాలమున, సామాన్య సైనికులు, వంటవారు, బాటసారులు, తాపీపనివారు కనబడు గ్రంథమగుటచే దానికి విలువ హెచ్చు.

ఇచ్చట మన చరిత్రతో సంబంధమొకటి గలదు. ఫిరోజ్‌జంగు తండ్రి ఖిలీచ్ ఖాను 1687లో గోలకొండ ముట్టడిలో గాయపడి మరణించెను. ఫిరోజ్‌జంగు కుమారుడే తరువాత నిజాముల్ముల్క్ ఆసఫ్‌జాహీ యయ్యెను. అనగా తెలంగాణమును రెండువందల యేండ్లకు పైగ ఏలిన వంశమునకును, ఈ తకియాకును వ్యక్తిగతమైన అనుబంధము తొలినుండియు కలదు. తురానీ సైనికులు తమ దేశపు గురువులను వెంటబెట్టుకొని వచ్చిరి. ఆ గురువుల మఠమునకు తమ దేశపు యంత్రమే అమరినది.

కాలనిర్ణయము

పన్‌చక్కీ కట్టిన కాలమును గూర్చి రెండు సంవత్సరములు ప్రచారములో నున్నవి. ఒకటి 1695, రెండవది 1744. నిజాముల్ముల్క్ ఆసఫ్‌జాహీ కొలువులోని తుర్క్‌తాజ్ ఖాను అను సరదారు సమాధి తప్ప తక్కిన కట్టడములలో పెక్కింటిని, తిరుగలిని కట్టించెననియు, సుమారు ఇరువది యేండ్లకు జమీల్ బేగ్ ఖాను మసీదు ముందరి కొలనును ఫౌంటెనులను చేర్చెననియు చెప్పుదురు. ఈ కర్తలను అంగీకరించినచో 1695 పొసగదు. ఆసఫ్‌జాహీ 1671లో జన్మించెను. 1695 నాటికి ఆయన ఇరువదినాలుగేండ్ల యువకుడు. నిజాముల్ముల్క్ బిరుదము 1713లోను, ఆసఫ్‌జా బిరుదము 1725లోను ఆయనకు లభించినవి. దక్కనులో ఆయన స్వతంత్రాధికారము 1724లో షకర్‌ఖేడా యుద్ధముతో స్థిరపడినది. కావున ఆయన సరదారు కట్టించినదనుట, 1695 అనుట పరస్పర విరుద్ధములు. 1695 తకియా యొక్క తొలిదశకు వర్తింపవచ్చును. ముసాఫిర్ అప్పటికి జీవించియే యున్నాడు. నహరు, తిరుగలి అమరిన కాలమునకు 1744 యుక్తముగ తోచుచున్నది. అప్పుడు ఆసఫ్‌జాహీ ఢిల్లీనుండి మరలివచ్చి దక్కనులోనే యున్నాడు. మఠాధిపత్యము షా మహమూద్ చేతిలో నున్నది.

ఈ చర్చ కేవలము సంవత్సరములను గూర్చినది కాదు. 1695 అనినచో ఈ కట్టడము ఔరంగజేబు దండయాత్రల కాలపు సైనిక నిర్మాణమగును; 1744 అనినచో యుద్ధములు తగ్గి, దక్కనులో స్థిరపడదలచిన ప్రభువుల కాలపు ధర్మకార్యమగును. ఎనిమిది కిలోమీటర్ల దూరమునుండి నీరు తెచ్చుట గుడారములలో నివసించువారి పని కాదు. మనుమల కాలమునకు కూడ నీరు కావలెనని తలచువారి పని.

నీరు వచ్చు విధము

పన్‌చక్కీ నీరు నగరమునకు ఉత్తరమున హర్సూలు వైపునున్న కొండప్రాంతమునుండి, సుమారు 8 కిలోమీటర్ల దూరమునుండి వచ్చుచున్నదని చెప్పుదురు. అచ్చట భూగర్భజలము ఊరి బావిలో చేరును. అచ్చటినుండి రాతికట్టుబడి కాలువలోను మట్టిగొట్టములలోను నేలక్రిందనే ప్రయాణము చేయును. నేలక్రింద నడచుటచే ఎండకు ఆవిరి కాదు; పశువుల వలనను దుమ్ము వలనను చెడదు; శత్రువునకు సులభముగ దొరకదు. లోనికి దిగి పూడిక తీయుటకు అచ్చటచ్చట ద్వారములుండును.

ప్రాంగణమున చేరగానే నీరు ఎత్తైన గోడపైకెక్కి, దానిపైనుండి ధారగ కొలనులోనికి దుముకును. చూచువారికిది అద్భుతము. నీరు పల్లమెఱుగునని మన సామెత. ఇచ్చట నీరు మెట్టనెక్కుచున్నది! కొందఱు దీనిని గురువుగారి మహిమ యందురు. కాని సామెతకిచ్చట భంగము లేదు. నీరు బయలుదేరు చోటు గోడశిరస్సుకంటె ఎత్తైనది. గొట్టము మూసియున్నంతకాలము అది నడుమ ఎంత లోతునకు దిగినను, మూలస్థానపు మట్టమునకు దగ్గఱగ మరల ఎక్కగలదు. రాపిడివలన పోవు కొంత ఎత్తును లెక్కించి గోడను అంతకు తక్కువగ కట్టిరి. ఎనిమిది కిలోమీటర్ల దూరముపై వాలును అంగుళములలో లెక్కించి, ఎచ్చట గొట్టమును దింపవలెనో ఎచ్చట ఎత్తవలెనో నిర్ణయించిన ఆ తాపీమేస్త్రీల పేర్లు మనకు దక్కలేదు. ధనమిచ్చిన సరదారుల పేర్లు మాత్రము దక్కినవి. నిజముగ మహిమ యన్నది ఉన్నచో అది ఆ మేస్త్రీల మట్టపుకఱ్ఱలో నున్నది.

కొలను నిర్మాణమున మఱొక నేర్పు కలదు. కొలను అడుగే క్రిందనున్న విశాలమైన మందిరమునకు పైకప్పు. నీటిక్రింది ఆ గది వేసవిలో చల్లగ నుండి బాటసారులకు విశ్రాంతినిచ్చెడిది. మిగులు నీరు ఖామ్ నదిలో కలియును.

తిరుగలి తిరుగు విధము

యంత్రము మిక్కిలి సరళమైనది. నిలువు ఇరుసు క్రిందికొనకు ఇనుపరేకులు గల చక్రము అడ్డముగ అమర్చబడి యుండును. పైనుండి వేగముగ పడు నీటిధార ఆ రేకులను తాకగానే చక్రము తిరుగును. ఇరుసు క్రింది రాతి నడుమగ పైకివచ్చి పై రాతికి తగిలించబడియుండును. క్రింది రాయి కదలదు; పై రాయి చక్రముతోపాటు తిరుగును. పండ్లచక్రములు లేవు, చక్రమొకచుట్టు తిరిగిన రాయి యొకచుట్టు తిరుగును. పై రాతి కన్నులో గింజలు పడుచుండును. రాళ్ల అంచునుండి పిండి రాలుచుండును. మన యింటి తిరుగలికిని దీనికిని భేదము పిడిలోనే యున్నది: అచ్చట చేయి, ఇచ్చట నీరు. రాళ్లు అరిగినపుడు ఉలితో గంట్లు కొట్టించుట రెండింటికిని సమానమే.

ఆ నీటికెంత బలముండునో ఊహకు తెచ్చుకొనుటకు ఒక లెక్క వేయవచ్చును. ఇది కొలిచి చెప్పునది కాదు, ఉదాహరణము మాత్రమే. సెకనుకు 10 లీటర్ల నీరు 5 మీటర్ల ఎత్తునుండి పడినచో సుమారు 490 వాట్ల శక్తి కలుగును. రాపిడికి సగము పోయినను 245 వాట్లు మిగులును. మనిషి చేతులతో ఎడతెగక చేయగల పని సుమారు 75 వాట్లు. అనగా ఆ చిన్నధార ముగ్గురు మనుష్యుల పని చేయును. మనుష్యులు ఎనిమిది గంటలు విసరి అలసిపోవుదురు. నీరు రేయింబవళ్లు విసరును. ఆ లెక్కన తొమ్మండుగురి శ్రమ మిగిలినట్లే.

ఈ పిండి ఎవరికి? తకియాకు వచ్చు ఫకీరులకు, యాత్రికులకు, విద్యార్థులకు, నగరరక్షక సైన్యమునకు ఇచ్చట గింజలు విసరెడివారు. లంగరు, అనగా అన్నసత్రము, నడచు మఠమునకు పిండి నిత్యావసరము. మన దేశమున దేవాలయములకు చెఱువు త్రవ్వించుట, సత్రములకు మాన్యములిచ్చుట ఎట్టివో ఇదియు అట్టిదే. త్రాగుటకు తెచ్చిన నీరు దారిలో తిరుగలిని త్రిప్పి, కొలనును నింపి, గదిని చల్లబఱచి నదికి పోవుచున్నది. ఒక్క నీటిని నాలుగుమాఱులు వినియోగించిన పొదుపరితనమే ఈ కట్టడమునకు ప్రాణము.

ఈ ప్రాంతపు భక్తిగాథయొకటి ఇచ్చట స్మరణీయము. గోదావరితీరమున గంగాఖేడులో పుట్టి, నామదేవుని యింట పనిచేసిన జనాబాయి విసరుచుండగా విఠలుడే వచ్చి తిరుగలి త్రిప్పెనని మరాఠీ సంప్రదాయము. విసరుట యెంత కఠినమైన పనియో ఎఱిగిన సమాజమే అట్టి కథను చెప్పగలదు. మరాఠీ స్త్రీలు తిరుగలివద్ద పాడు ఓవీలును, మన తిరుగలిపాటలును ఆ కష్టమునుండి పుట్టిన అక్కచెల్లెండ్రు. పన్‌చక్కీ ఆ స్త్రీల శ్రమను తీర్చలేదు. అది మఠమునకును సేనకును విసరినదేగాని పల్లె యిండ్లకు కాదు. ఇంటి తిరుగలికి విశ్రాంతి యిచ్చినది ఇరువదవ శతాబ్దపు నూనె యంత్రము, తరువాతి విద్యుత్తు. ఈ సత్యమును మఱచి పన్‌చక్కీని పొగడుట న్యాయము కాదు.

తెలుగువారి సంబంధము

1763లో నిజాం అలీఖాను రాజధానిని ఔరంగాబాదునుండి హైదరాబాదునకు మార్చెను. ఆ మార్పు తెలంగాణ చరిత్రను మలుపు త్రిప్పినది; ఔరంగాబాదు కళ కొంత తగ్గినది. అయినను 1724 మొదలు 1956 వఱకు, 232 సంవత్సరములు, ఈ తిరుగలియు మన గోలకొండ, ఓరుగల్లులును సామాన్యముగ ఒకే రాష్ట్రములోనివి. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రము విభజింపబడి తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశమునకును, మరాఠ్వాడా జిల్లాలు బొంబాయి రాష్ట్రమునకును, కన్నడ జిల్లాలు మైసూరునకును చేరినవి. 1960 మే 1న మరాఠ్వాడా మహారాష్ట్రములో భాగమయ్యెను.

ఎల్లలు మాఱినను మనుష్యులు మాఱలేదు. నాందేడు జిల్లా దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు ప్రాంతములలో తెలుగు నేటికిని ఇంటిభాష. షోలాపురమున పద్మశాలీలు తరములుగ స్థిరపడి మగ్గముతోను మిల్లుతోను బ్రతికిరి. భాషలో కూడ ఈ సహవాసపు ముద్ర గలదు. కోస్తా తెలుగువాడు పిండిమర యనుదానిని తెలంగాణపు తెలుగువాడు గిర్ని యనును. అది మరాఠీ గిరణియే. పన్‌చక్కీ తిరిగిన దేశమునుండియే మరకు మనవారు పేరు తెచ్చుకొనిరి. కావున ఈ కట్టడము మరాఠ్వాడా తెలుగువారికి పరాయి వింత కాదు. పూర్వపు ఉమ్మడి ఇంటిలోని పాతసామగ్రి.

నేటి స్థితి

నేడు పన్‌చక్కీ వక్ఫ్ ఆస్తి. యాత్రికులు వచ్చుచున్నారు, తిరుగలిని చూచి మెచ్చుచున్నారు. నగరమునకు త్రాగునీరు పైఠణమువద్ద గోదావరిపై కట్టి 1976లో ముగిసిన జాయక్‌వాడీ జలాశయమునుండి వచ్చుచున్నది. నగరమునకు నహరుల అవసరము తగ్గినకొలది వానిపై శ్రద్ధయు తగ్గినది. నేలక్రింది మార్గములపై ఇండ్లు లేచినవి, గొట్టములు పగిలినవి, భూగర్భజలము దిగజారినది. వేసవిలో నీరు సన్నగిల్లి తిరుగలి నిలిచిపోవుచున్నది.

ఇచ్చటనే అసలు ప్రశ్న. మనము కాపాడవలసినది దేనిని? రాళ్లను, చక్రమును, గదిని కాపాడుట సులభము. అరిగిన రాతిని మార్చవచ్చును. తుప్పుపట్టిన రేకును కొత్తగ పోయించవచ్చును. నహరు తెగినచో పన్‌చక్కీ యనునది ఉండదు. చక్కీ మాత్రము మిగులును. యంత్రముతో నీరెత్తి పోసి తిరుగలిని త్రిప్పినచో అది నీటితిరుగలి కాదు, నీటితిరుగలి వేషము. చరిత్రలో నిర్మాతలు మొదట తెచ్చినది నీరు. తిరుగలి దాని వెంట వచ్చినది. పరిరక్షణయు ఆ క్రమముననే సాగవలెను: మొదట బావి, తరువాత కాలువ, పిదప గొట్టములు, చివరకు చక్రము. నహరు నడచు త్రోవను కొలిచి పటము వ్రాయుట, పూడిక ద్వారములను గుర్తించి తెఱచుట, ఊటబావి పరిసరములలో గొట్టపుబావులను నియమించుట, ఆ త్రోవపై కొత్త పునాదులు పడకుండ చూచుట - ఇవి పెద్ద ధనమడుగు పనులు కావు. శ్రద్ధ నడుగు పనులు.

తెలుగుదేశమున గొలుసుకట్టు చెఱువులు ఎట్లు పోయినవో మనమెఱుగుదుము. చెఱువుగట్టు నిలిచియుండగనే వరదకాలువ పూడిపోయి చెఱువు చచ్చినది. గట్టును చూచి చెఱువున్నదని మురిసితిమి. పన్‌చక్కీ విషయమున అట్లు జరుగకుండుటకు ఇంకను కాలము మించలేదు. ఆ తాపీమేస్త్రీలు నేలక్రింద దాచిన పని కనబడదు గనుక దానిని కాపాడుటకు కన్నులకంటె జ్ఞాపకమే ఎక్కువ అవసరము.